అక్వేరియం వెనక నలుపు పెట్టుకున్న ఆరేళ్లకి

2018 దసరా సెలవుల్లో మా అమ్మాయి పోరు పడలేక చేపల తొట్టి కొన్నాం. మూడడుగుల పొడవు, అడుగుంపావు వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంచులదాకా పోస్తే లెక్క ప్రకారం 159 లీటర్లు పడుతుంది. కొట్టతను తొట్టితోపాటు ఒక పోస్టర్ చుట్ట ఊరికే ఇచ్చాడు. ఒకవైపు నీలిరంగు మీద సముద్రపు పగడాలు, నారింజ చారల బొమ్మ చేపలు. రెండోవైపు ఉత్త నలుపు. పగడాల వైపే లోపలికి కనబడేలా సెల్లో టేపుతో నాలుగు మూలలా అంటించి, ముందు రెండు గోల్డ్‌ఫిష్‌లని వదిలాం. మా నాన్న కాసేపు చూసి, "ఒరేయ్, బొమ్మలో చేపలే బాగున్నాయిరా. మేత ఖర్చు కూడా లేదు" అన్నారు.

ఆయన వేళాకోళమే అయినా మాట నిజం. కంటికి ముందు బొమ్మే తగిలేది, తర్వాతెప్పుడో చేప. పైగా మంచినీళ్లలో బతికే చేప వెనక ఉప్పునీటి పగడాలేమిటి? రెండు నెలలయ్యాక పోస్టర్ తిరగేసి నలుపు వైపు పెట్టాను. మా అమ్మ ఒప్పుకోలేదు. "హాల్లో, అదీ ఈశాన్యం మూల, నలుపేమిట్రా శుభమా అని?" అంది. దిష్టి తగలకుండా ఉంటుందిలే అమ్మా అన్నాను. ఆ ముక్కకి మాత్రం ఆవిడ దగ్గర జవాబు లేదు.

నల్ల పోస్టర్ కట్టిన మొదటి రోజు బ్రహ్మాండంగా ఉంది. నాలుగు రోజులకి మచ్చలు మొదలయ్యాయి. నీళ్లు మార్చేటప్పుడు వెనక్కి కారిన చుక్కలు పోస్టర్‌కీ అద్దానికీ మధ్య దూరాయి. తడి ఉన్నచోట నల్లగా నిగనిగలాడుతోంది, పొడిగా ఉన్నచోట బూడిద రంగులో వెండి పూత పూసినట్టుంది. దూరం నుంచి చూస్తే పటంలో దేశాల్లాగా కనిపించేవి. పోస్టర్ నాసిరకం అనుకుని తిట్టుకున్నాను గానీ తప్పు దానిది కాదు. అద్దానికీ కాగితానికీ మధ్య గాలి పొర ఉంటే, అద్దం వెనక ముఖం కొంత వెలుతురుని మన కళ్లలోకే తిప్పి కొడుతుంది. ఆ సందులో నీళ్లో, నూనో, జిగురో నిండితే ఆ మెరుపు చచ్చిపోతుంది, వెనకున్న నలుపు నలుపుగా కనిపిస్తుంది. ఆరేళ్లలో నేను పోస్టర్, చార్టు, స్టిక్కర్, రంగు అన్నీ వాడి చూశాక తేలిందేమిటంటే, దేంతో నలుపు చేశామన్నదాని కంటే అది అద్దానికి గాలి చొరబడకుండా కరుచుకుందా లేదా అన్నదే అసలు సంగతి.

ఇది సగం అర్థమైన ఉత్సాహంలో ఒక పని చేశాను. సందులో నూనె రాస్తే సరిపోతుంది కదా అని వంటింట్లోంచి కొబ్బరినూనె సీసా తెచ్చి, పోస్టర్ వెనక్కి తిప్పి అరచేత్తో పల్చగా పట్టించి, అద్దానికి అదిమి, పాత ఏటీఎం కార్డుతో బుడగలన్నీ పక్కకి తోశాను. ఎంత అందంగా కుదిరిందంటే, ఆ రాత్రి పడుకోబోయే ముందు మూడుసార్లు లేచి వెళ్లి చూసుకున్నాను. అది డిసెంబర్. గోల్డ్‌ఫిష్‌లే కాబట్టి తొట్టిలో హీటర్ లేదు. పొద్దున లేచి చూస్తే వెనక గోడంతా తెల్లగా మంచు పట్టింది! కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డ కడుతుందని తలకి రాసుకునే ప్రతివాడికీ తెలుసు, నాకు తప్ప. ఎండ ఎక్కేకొద్దీ మచ్చలు మచ్చలుగా కరిగి మధ్యాహ్నానికి మళ్లీ నలుపు, మర్నాడు తెల్లారేసరికి మళ్లీ తెలుపు. పది రోజుల తర్వాత నూనె కిందికి జారి తొట్టి కింద వేసిన థర్మాకోల్ షీటు, దాని కింద చెక్క స్టాండు జిడ్డు చేసింది. ఆ మరక స్టాండు మీద ఇప్పటికీ ఉంది. నూనె పద్ధతి బాగా పనిచేస్తుందని చెప్పేవాళ్లున్నారు, గ్లిజరిన్ అయితే అంత తేలిగ్గా గడ్డకట్టదు కూడా. కానీ నేను మళ్లీ ఆ జోలికి పోలేదు.

తర్వాత పది రూపాయల నల్ల చార్టు కట్టాను. వానాకాలంలో ముడతలు పడి, బూజు పట్టింది. దాని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

2019 చివర్లో రేడియం షాపుకి వెళ్లాను. బళ్ల నంబర్ ప్లేట్లకి స్టిక్కర్లు కోసే కొట్టు. మీటర్ల లెక్కన నల్ల స్టిక్కర్ దొరుకుతుంది. ఇక్కడ నాకు తగిలిన దెబ్బ మీకు తగలకూడదని కాస్త వివరంగా చెబుతాను. స్టిక్కర్‌ని మనం తొట్టికి బయటివైపు అంటిస్తాం, చూసేది ముందు నుంచి. అంటే మనకి కనబడేది దాని పైముఖం కాదు, జిగురు ఉన్న ముఖం. నేను కొట్లో పైముఖం చూసి, మెరుపు లేని మాట్ ఫినిష్ కావాలని పట్టుబట్టి, ఏరి కోరి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి పేపర్ ఊడదీస్తే జిగురు వైపు బూడిద రంగు! అప్పటికే సగం అంటించేశాను. మర్నాడు మళ్లీ వెళ్తే, "అన్నా, బండికి వేసుకునేవాళ్లు ఎవరూ వెనక చూడరు కదా" అన్నాడు. అతని మాటా సబబే. ఈసారి రోల్ అంచు గోటితో ఊడదీయించి, జిగురు వైపు కూడా నల్లగానే ఉన్నది తీసుకున్నాను. పైముఖం మెరిసేదా, మెరవనిదా అన్నది పట్టించుకోనక్కర్లేదు, అది గోడకే కనబడుతుంది.

అంటించడం ఇద్దరి పని. నీళ్లు నిండిన తొట్టిని జరపలేం. నీళ్లే 150 కిలోలు దాటతాయి, రాళ్లూ అద్దం బరువు అదనం. మూడు వంతులు తోడేసి, నేనూ మా ఆవిడా చెరో చివరా పట్టుకుని స్టాండుతో సహా గోడ నుంచి జానెడు ముందుకి జరిపాం. వెనక అద్దం బయటివైపు కడిగి, బ్లేడుతో పాత టేపు జిగురు గీకి, స్పిరిట్‌తో తుడిచాను. షాంపూ రెండు చుక్కలు కలిపిన నీళ్లు స్ప్రే చేసి, ఆ తడి మీద స్టిక్కర్ పెడితే అటూ ఇటూ జరుపుకోవడానికి వీలుంటుంది. సరిగ్గా కూర్చున్నాక మధ్య నుంచి అంచులకి తోసుకుంటూ నీళ్లు బయటికి తీసేయాలి. ఆ సబ్బు నీళ్లు తొట్టిలో పడితే చేపల మొప్పలకి ప్రమాదం కాబట్టి పైన న్యూస్‌పేపర్లు పరిచాం. రెండ్రోజులు అక్కడక్కడా నీటి బుడగలు కనిపించాయి, తర్వాత వాటంతట అవే ఆరిపోయాయి. గాలి బుడగలు మాత్రం పోవు. నావి మూడు మిగిలాయి, ఒకటి సరిగ్గా మధ్యలో. దాన్ని కప్పడానికి జావా ఫెర్న్ అనే నీటి మొక్క కట్టిన చెక్క ముక్క అక్కడ పెట్టాను. వచ్చినవాళ్లంతా ఆ చెక్క పెట్టిన చోటుని మెచ్చుకునేవాళ్లు.

ఆ స్టిక్కర్ రెండున్నరేళ్లుంది. నిజానికి నలుపు విలువ తెలిసింది దాంతోనే. అప్పటికి గోల్డ్‌ఫిష్‌లు పెరిగి పెద్దవై, పెద్ద తొట్టి ఉన్న బంధువుల ఇంటికి వెళ్లిపోయాయి. మేం నియాన్ టెట్రాలనే చిన్న చేపలు పన్నెండు తెచ్చాం, హీటర్ కొన్నాం. నియాన్ ఒంటి మీద నీలం గీత రంగు పూత కాదు, చర్మంలో ఉన్న సన్నని స్ఫటికాల మీద వెలుతురు పడి తిరిగొచ్చే మెరుపు. వెనక తెల్లగోడ ఉంటే ఆ మెరుపు వెలుతురులో వెలుతురై కలిసిపోతుంది. నలుపు ముందు అదే గీత సన్న దీపంలా కనిపిస్తుంది. మా నాన్నకి అప్పుడే శుక్లాల ఆపరేషన్ అయింది. కుర్చీ తొట్టికి మూడడుగుల దూరంలో వేయించుకుని, వేలు ఎత్తి ఒకటీ రెండూ అని లెక్కపెట్టేవారు. పన్నెండూ రాకపోతే నన్ను పిలిచేవారు.

రంగు ఒక్కటే కాదు, చేపల నడతలోనూ తేడా కనిపించింది. అంతకుముందు, స్టిక్కర్ కోసం వెతుక్కుంటున్న ఆ కొద్ది వారాలు వెనక ఏమీ లేనప్పుడు, టెట్రాలు హీటర్ వెనకే గుంపుగా నక్కేవి. ఎవరైనా నడిస్తే చివ్వున ఒక మూలకి పరిగెత్తేవి. వెనక గోడ మూసుకున్నాక వారం లోపల మధ్యకి వచ్చి తిరగడం మొదలెట్టాయి. చాలా చేపలు చుట్టూ ఉన్న నేలనీ వెనకనీ బట్టి ఒంటిరంగు సర్దుకుంటాయి. లేత రంగు నేల మీద పాలిపోతాయి, ముదురు నేల మీద ముదురుతాయి. చర్మంలోని నల్ల కణాల్లో రంగు గింజలు ముడుచుకోవడం, పరుచుకోవడం వల్ల జరిగే పని అది. మా కోరిడోరాస్‌లలో, అంటే తొట్టి అడుగున తిరిగే చిన్న చేపల్లో, ఈ తేడా స్పష్టంగా చూశాను. కొట్లో తెల్ల టబ్బులో బూడిదలా ఉన్నవి మా ఇంటికొచ్చాక నాలుగైదు రోజుల్లో మచ్చలు తేలాయి.

2022 జూన్‌లో ఇల్లు మారాం. తొట్టి ఎలాగూ ఖాళీ చేయాలి, స్టిక్కర్ కింది మూలలు కూడా లేచిపోయాయి. హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి ఊడదీసి, ఈసారి రంగే వేద్దామని నిర్ణయించుకున్నాను. టర్పెంటైన్ కలిపే ఎనామిల్ రంగు వేయలేదు. చేపలు పక్క గదిలో ప్లాస్టిక్ టబ్బులో ఉన్నాయి, వాటికి గాలి పంపు నడుస్తోంది. ఆ పంపు గదిలో ఏ గాలి ఉంటే అదే నీళ్లలోకి పంపిస్తుంది, టర్పెంటైన్ వాసనతో సహా. అందుకని నీళ్లతో కలిసే అక్రిలిక్ నల్లరంగు డబ్బా తెచ్చి, తొట్టిని మేడ మీద పాత దుప్పటి పరిచి ముందు అద్దం కిందికి వచ్చేలా పడుకోబెట్టాను. అంచుల్లో సిలికాన్ ఉన్నచోట రంగు నిలవదు, పెచ్చులై ఊడుతుంది కాబట్టి అక్కడ మాస్కింగ్ టేపు వేశాను.

మొదటి పూత చూసి ఎవరైనా ఏడుస్తారు. చారలు చారలుగా, పొయ్యి మీద మాడిన గిన్నెలా ఉంటుంది. బ్రష్‌తో వేస్తే గీతలు పడతాయి, స్పాంజి రోలర్ నయం. రెండు మూడు గంటలు ఆరనిచ్చి రెండోది, ఆ తర్వాత మూడోది. మూడో పూత ఆరాక చీకటి పడ్డాక తొట్టి లోపల ఫోన్ టార్చ్ పెట్టి బయట నుంచి చూశాను. మా అమ్మాయి "నాన్నా, నక్షత్రాలు" అని అరిచింది. సూదిమొన సైజు రంధ్రాలు ఒక నలభై ఉంటాయి. పగటి వెలుతురులో ఒక్కటీ కనబడలేదు. నాలుగో పూత వేశాక ఆకాశం ఖాళీ అయింది. ఈ టార్చ్ పరీక్ష చేయకుండా నీళ్లు పోస్తే తర్వాత వెనక బల్బు వేసినప్పుడల్లా ఆ చుక్కలు కళ్లలో గుచ్చుకుంటాయి.

మూడేళ్లు దాటింది. ముందు నుంచి చూస్తే ఈ రంగుకి స్టిక్కర్‌తో పోలికే లేదు. బుడగ లేదు, అంచు లేదు, వెనక గోడ ఉందన్న సంగతే తెలీదు. ఒక చోట దెబ్బతింది. పై కుడి మూల నుంచి ఫిల్టర్ పైపు దిగుతుంది, దాని మీద నుంచి నీటి తడి నెలల తరబడి వెనక్కి పాకి అక్కడ రంగు మెత్తబడి రెండంగుళాలు పెచ్చులూడింది. ఆరబెట్టి మళ్లీ పూసి, ఈసారి దాని మీద వార్నిష్ వేశాను. మొదటే వెనకంతా వార్నిష్ ఒక చేయి వేసుంటే ఈ బాధ ఉండేది కాదు.

నలుపుతో చిరాకులు లేవని అనుకోకండి. అన్నిటికంటే పెద్దది ముందు అద్దం. వెనక చీకటైతే ముందు అద్దంలో హాలంతా కనిపిస్తుంది. రాత్రి ట్యూబ్‌లైట్ వేసి కూర్చుంటే టెట్రాల మధ్య టీవీలో వార్తలు ఈదుతుంటాయి. తొట్టి లైటు ఉంచి గది లైటు తీసేస్తేనే అసలు అందం. అది మా ఇంట్లో రోజూ ఒక తగాదా. రెండోది సున్నపు గీత. మాది బోరు నీళ్లు. నీరు ఆవిరై మట్టం తగ్గేకొద్దీ అద్దం మీద తెల్లని గీతలు మెట్లుమెట్లుగా మిగులుతాయి. తెల్లగోడ ముందు ఎన్నేళ్లున్నా ఎవరూ చూడరు, నలుపు ముందు సుద్దముక్కతో గీసినట్టే. నీళ్లు తగ్గించినప్పుడు సగం నిమ్మచెక్కతో రుద్ది తడిగుడ్డతో తుడుస్తాను. నీళ్లలో తేలే నలుసులు కూడా ఎండలో దుమ్ములా ప్రతిదీ కనబడుతుంది. దీనివల్ల ఫిల్టర్ స్పాంజి ఎప్పుడు కడగాలో ముందే తెలుస్తుందనుకోండి.

నల్ల మాలీలు తెచ్చి ఒక పొరపాటు చేశాను. నలుపు ముందు నల్ల చేప. గంటసేపు వెతికితే రెండు కళ్లు కదులుతూ కనిపించేవి. వాటిలో ఒకటి చచ్చిపోయి ఫిల్టర్ పైపు వెనక ఇరుక్కుంటే రెండో రోజు వాసనకి గానీ తెలియలేదు. ఆ వారం రోజు విడిచి రోజు నీళ్లు మార్చాల్సొచ్చింది. మిగిలిన మాలీలని కొట్టతనికే తిరిగి ఇచ్చేశాను. ముదురు రంగు ఏంజెల్ చేపలు పెంచేవాళ్లు కూడా నలుపుకి బదులు ముదురు నీలం చూసుకోవడం మంచిది.

పక్క అద్దాల సంగతి వేరు. ఇల్లు మారినప్పుడు బాల్కనీ వైపు ఎండ పడుతుందని ఎడమ పక్క అద్దానికి కూడా అదే రంగు వేసేశాను. నాచు తగ్గింది నిజమే, కానీ తొట్టి చిన్నదైపోయినట్టు అనిపించింది. ఎందుకో తెలియడానికి నెల పట్టింది. ముందు నుంచి చూసినప్పుడు పక్క అద్దాలు ముఖం చూసుకునే అద్దాల్లాగే పనిచేస్తాయి. పదో తరగతిలో చదువుకున్న సంపూర్ణాంతర పరావర్తనం అదే. నీళ్లలోంచి ఏటవాలుగా వెళ్లిన వెలుతురు బయటి గాలిని తాకి మొత్తం వెనక్కి తిరుగుతుంది. పన్నెండు టెట్రాలు పక్కకి వెళ్తే అక్కడ ఇంకో పన్నెండు ఎదురొస్తాయి. నేను రంగు పూసి ఆ గాలిని లేకుండా చేశాను, రెండో గుంపు మాయమైంది. తడిపి బ్లేడుతో గీకి ఆ పక్క మొత్తం తీసేశాను. ఇప్పుడు ఎండకి అడ్డంగా నల్ల సన్‌బోర్డ్ (తేలికపాటి ప్లాస్టిక్ అట్ట) ముక్క వేలు మందం ఎడంగా నిలబెట్టాను. ఎండా ఆగింది, రెండో గుంపూ తిరిగొచ్చింది. వెనక గాలి ఉండకూడదు, పక్కన గాలి ఉండి తీరాలి. ఈ రెండో సగం నాకెవరూ చెప్పలేదు.

లైటు కొంచెం పెంచుకోవాల్సి వస్తుంది, నలుపు వెలుతురుని మింగేస్తుంది కాబట్టి మూలలు చీకటిగా కనిపిస్తాయి. అలాగని కింద కూడా నల్ల కంకర వేస్తే బావిలోకి తొంగిచూసినట్టు ఉంటుంది. మాది గోధుమరంగు నది ఇసుక. అందులో మా వీధి చివర బాదం చెట్టు ఆకులు ఎండినవి ఏరుకొచ్చి, కడిగి, రెండు మూడు వేస్తాను. నీళ్లు పల్చని టీ రంగుకి తిరుగుతాయి. నియాన్ టెట్రాల జాతి అమెజాన్ అడవుల్లో ఆకులు నానిన అలాంటి నీళ్లలోనూ ఉంటుంది. టీ రంగు నీళ్ల వెనక తెల్లగోడ ఉంటే మురికినీళ్లలా ఉంటుంది, నలుపు ఉంటే సాయంత్రంలా ఉంటుంది. ఫోటో తీసేవాళ్లు మాత్రం ఫోన్ తెర మీద వెలుతురు కిందికి లాగండి. నలుపు చూసి ఫోన్ కంగారుపడి వెలుతురు పెంచేస్తుంది, నియాన్ గీత తెల్లగా మాడిపోతుంది.

తొట్టిలో ఇప్పటికే నీళ్లూ చేపలూ ఉన్నవాళ్లు స్టిక్కర్ వేసుకోండి, జిగురు వైపు రంగు చూసుకుని. నాకు మొత్తం రెండొందలైంది, మొదట పాడైన ముక్కతో కలిపి. కొత్తగా కొంటున్నవాళ్లు నీళ్లు పోయకముందే రంగు వేసేయండి. రోలర్, టేపు, డబ్బా అన్నీ కలిపి నాకు నాలుగొందల లోపే. అద్దె ఇల్లు, ఏటా మారతామనుకుంటే రంగే నయం, స్టిక్కర్ ప్రతి మార్పుకీ ఒక మూల లేస్తుంది. ఊరికే ఇచ్చే పోస్టర్ ఉంటే పిల్లల పుస్తకాలకి అట్టలు వేయండి.

మొన్న సంక్రాంతికి అమ్మ వచ్చింది. తొట్టి ముందు చాలాసేపు నిలబడి, "వెనక నల్లగా ఏదో వేశావు కదా, ఎప్పుడు తీసేశావు?" అని అడిగింది.